పిల్లలతో సైన్స్ కబుర్లు – 4: చంద్రుడి మీద నీడ ఎవరిది?

పోయిన పాఠంలో బల్బుని సూర్యుడిగా, బంతిని చంద్రుడిగా, పిల్లల తలని భూమిగా పెట్టుకుని చంద్రుడి వెలుగు ఎలా మారుతుందో చూసే ఆట చాలా ఇళ్లలో ఒకేచోట బెడిసికొట్టింది. బంతిని చేత్తో ఎత్తి పట్టుకుని తిరుగుతున్న పిల్లలు బల్బుకి వీపు పెట్టగానే వాళ్ల తల నీడ బంతిని కప్పేసింది. పిల్లలు "ఇదేంటి?" అనడిగితే పెద్దలు "భూమి నీడ నాన్నా, అదే అమావాస్య" అనేశారు. కొత్త పాఠం తర్వాత. ముందు దీని సంగతి తేలాలి.

చంద్రుడికి సొంత వెలుగు లేదనే ముక్క వదిలేస్తున్నాను, అది పిల్లలకే తెలుసు.

బల్బుకి వీపు పెట్టి నిలబడ్డ చోటు పౌర్ణమి. అక్కడ నీడ పడితే అది చంద్రగ్రహణం. అమావాస్య అంటే బంతి బల్బుకీ ముఖానికీ మధ్యన ఉండటం. అప్పుడూ బంతిలో సగం వెలుగుతూనే ఉంటుంది, కాకపోతే ఆ సగం అవతలి వైపు ఉంటుంది.

మరి ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదేం? భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారితో పోలిస్తే చంద్రుడు తిరిగే దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. 3,84,000 కి.మీ. దూరంలో ఆ కాస్త వాలుకే చంద్రుడు 30,000 కి.మీ. పైగా పక్కకి తప్పుకోగలడు. అక్కడ భూమి నీడ వెడల్పు సుమారు 9,000 కి.మీ. మాత్రమే. అందుకే చాలాసార్లు నీడకి పైనుంచో కిందనుంచో వెళ్లిపోతాడు. బంతిని తలకంటే ఎత్తుగా పట్టిస్తే సరి.

డిగ్రీలు చదివిన పెద్దలు కూడా నెలవంకని భూమి నీడే అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. పట్టపగలు సూర్యుడు, అర్ధచంద్రుడు ఇద్దరూ ఆకాశంలో కనిపిస్తారు కదా! భూమి నీడ పడేది సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కున. ఆ నీడ అప్పుడు చంద్రుడి మీదికి ఎలా వస్తుంది? ఇంకోటి, శుద్ధ దశమినాటి చంద్రుణ్ని చూడండి. వెలుగు రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది. గుండ్రటి నీడ అడ్డొస్తే ఓ పక్క లోపలికి నొక్కుపడాలి కానీ ఉబ్బదు.

పిల్లలు "మిగతా సగం ఏమైంది?" అంటే జవాబు చెప్పకండి. "బంతి తిప్పి చూద్దామా?" అని చేతికివ్వండి. యానిమేషన్ వీడియోలు నాకు పడవు. అందులో తిరిగేది బొమ్మ, పిల్లలు కాదు.

అభ్యాసం: బహుళ అష్టమినాడు పొద్దున ఎనిమిదింటికి ఎండలో నిలబడి, పడమటి ఆకాశంలో ఉన్న చంద్రుడి పక్కకి వచ్చేలా తెల్ల బంతిని ఎత్తి పట్టించండి. ఎండపడ్డ బంతి కూడా అచ్చం చంద్రుడిలాగే సగం వెలుగుతుంది. రోజూ అదే వేళకి రెండింటి బొమ్మలూ పక్కపక్కన వేయించండి. ద్వాదశితో ఆపేయండి. ఆ తర్వాత చంద్రుడు సూర్యుడికి మరీ దగ్గరవుతాడు, పిల్లల్ని అటు చూడనివ్వకూడదు.