హాస్కెల్‌లో డేటా దాచడం, 4వ భాగం: ఏ లైబ్రరీ పట్టుకోవాలి

పోయిన భాగంలో మన ఆర్డర్ టైపుకి జెనెరిక్ డిరైవ్ చేసి (అంటే టైపు ఆకారం చూసి రాసే, చదివే కోడ్‌ని లైబ్రరీయే తయారు చేసుకునేలా చేసి) అక్కడితో ఆపాం కదా, ఇప్పుడు దాన్ని ఫైల్లోకి రాయాలి. ఇక్కడికి రాగానే అందరూ అడిగేది ఏ లైబ్రరీ ఫాస్ట్ అని. నేనూ మొదట్లో అంతే, బెంచ్‌మార్క్ టేబుల్లో పైన ఏదుంటే అది తీసేసుకున్నా. ఇప్పుడైతే ముందు నన్ను నేను అడిగేది, ఈ బైట్లు చదివేది ఎవరు, ఎన్నాళ్ళ తర్వాత చదువుతారు అని. దీనికి జవాబు తెలిస్తే సగం లైబ్రరీలు వాటంతటవే పక్కకి పోతాయి.

ముందు చేత్తో చేసి చూద్దాం. హాస్కెల్ కోడ్ టైప్ చేసి అక్కడికక్కడే రన్ చేసే జీహెచ్‌సీఐ తెరిచి 1, 2, 3 ఉన్న ఇంట్ (పూర్ణాంకాల) లిస్టుని బైనరీ, ఏసన్, సీరియలైజ్ అనే మూడు లైబ్రరీలతో ఎన్‌కోడ్ చేసి, అంటే బైట్లుగా మార్చి, ఎన్ని బైట్లు వచ్చాయో చూడండి. బైనరీతో 32 వస్తాయి, ఎందుకంటే లిస్టు పొడవు రాయడానికి 8, ఆ తర్వాత ఒక్కో ఇంట్‌కి 8. ఏసన్‌తో జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్ చేస్తే బ్రాకెట్లూ కామాలూ కలుపుకుని 7. సీబోర్ అనే బైట్ల ఫార్మాట్ రాసే సీరియలైజ్‌తో 5, లిస్టు మొదలైందని ఒక బైట్, అయిపోయిందని ఒక బైట్, మధ్యలో మన మూడు అంకెలు, సీబోర్‌లో 0 నుంచి 23 దాకా ఒక్క బైట్లోనే పట్టేస్తాయి కాబట్టి. అంకెలు పెద్దవైతే లెక్క మారుతుంది అనుకోండి, కానీ బైనరీ అని పేరున్నంత మాత్రాన సైజు తగ్గిపోదని ఇక్కడే తెలిసిపోతుంది.

సైజు సంగతి సరే, అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట, ఇది కాస్త నిదానంగా చదవండి. మన ఆర్డర్ స్టేటస్‌లో పెండింగ్, పెయిడ్, క్యాన్సిల్డ్ అని మూడు కన్‌స్ట్రక్టర్లు, అంటే ఆ టైపులో ఉండగలిగే మూడు రకాల విలువలు, ఉన్నాయి. బైనరీ జెనెరిక్‌గా రాసేటప్పుడు వాటి పేర్లు రాయదు, వరస నంబర్ రాస్తుంది, 0, 1, 2 అని. కొన్నాళ్ళకి మీరు రిఫండెడ్ అని ఇంకోటి కలపాలి, చదవడానికి బాగుంటుందని పెయిడ్ తర్వాత పెట్టారు. అంతే, పాత ఫైల్లో 2 అని ఉన్న క్యాన్సిల్డ్ ఆర్డర్లన్నీ ఇప్పుడు రిఫండెడ్‌గా చదవబడతాయి, కంపైలర్ ఏమీ అనదు, డీకోడ్ ఎర్రర్ ఇవ్వదు. నాకు ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇదే జరిగింది, రిపోర్టులో ఇవ్వని రిఫండ్లు కనపడుతుంటే రెండు రోజులు డేటాబేస్‌నే అనుమానిస్తూ కూర్చున్నా.

అంతకన్నా బాధ ఏంటంటే అప్పటికే నా దగ్గర క్విక్‌చెక్ (విలువల్ని తనే యాదృచ్ఛికంగా పుట్టించి పరీక్షించే లైబ్రరీ) టెస్టు ఉంది, ఎన్‌కోడ్ చేసి డీకోడ్ చేస్తే అదే విలువ వస్తుందా అని, అది పాస్ అవుతూనే ఉంది. అవుతుంది మరి, రాసేదీ చదివేదీ రెండూ కొత్త కోడే కదా, పాత బైట్లు ఆ టెస్టుకి కనపడనే కనపడవు.

ఈ గొడవ బైనరీ ఒక్కదానిదే కాదు, సీరియల్, స్టోర్ అనే లైబ్రరీలు కూడా నంబరే రాస్తాయి, సీరియలైజ్ కూడా జెనెరిక్‌గా వాడితే అంతే. ఏసన్ మాత్రం పేరు రాస్తుంది, అందుకే వరస మారినా దానికి పట్టదు, పేరు మారిస్తే మాత్రం పాత ఫైలు చదవలేనని మొహం మీదే చెప్పేస్తుంది. అలా గట్టిగా చెప్పి ఆగిపోయేదే నాకు నచ్చుతుంది, రెండు రోజులు మిగులుతాయి.

ఇక ఎంచుకోవడం. ఒకే మెషిన్ మీద రాసి, అదే ప్రోగ్రామ్ కాసేపట్లో చదివి పారేసే క్యాష్ అయితే స్టోర్ వాడండి, మెమొరీలో ఉన్న రూపానికి దగ్గరగా రాస్తుంది కాబట్టి వేగం ఉంటుంది, కాకపోతే బైట్ల వరస వేరేగా ఉన్న మెషిన్‌కి ఆ ఫైలు పంపొద్దు. అవతల వేరే భాషలో రాసిన సర్వీస్ ఉంటే ఏసన్, పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఏళ్ళ తరబడి డిస్క్ మీద ఉండే డేటా అయితే సేఫ్‌కాపీ అనే లైబ్రరీ, అందులో టైపుకి వర్షన్ నంబర్ ఉంటుంది, పాతదాన్ని కొత్తదిగా మార్చే మైగ్రేట్ ఫంక్షన్ మనమే రాస్తాం. బైట్లు బయటి నుంచి వస్తుంటే ఇంకోటి గుర్తుపెట్టుకోండి, బైనరీలో మామూలు డీకోడ్ తప్పు డేటా వస్తే ఎక్సెప్షన్ విసురుతుంది, డీకోడ్‌ఆర్‌ఫెయిల్ వాడాలి, సీరియల్‌లో అయితే డీకోడే ఈదర్ (ఎర్రరో విలువో ఏదో ఒకటి ఉండే టైపు) ఇస్తుంది.

హోంవర్క్ ఇదీ. స్టేటస్‌లో ఒక్కో కన్‌స్ట్రక్టర్‌ని బైనరీతో ఎన్‌కోడ్ చేసి ఆ బైట్లని ఒక్కో ఫైల్లో రాసి గిట్‌లో పెట్టేయండి, ఆ ఫైళ్ళని చదివి సరైన విలువ వస్తుందో లేదో చూసే టెస్టు ఒకటి, మామూలు క్విక్‌చెక్ టెస్టు ఒకటి పక్కపక్కన రాయండి. తర్వాత రిఫండెడ్‌ని కావాలనే మధ్యలో దూర్చి రెండూ రన్ చేసి, ఏది ఎర్రగా మారిందో చూడండి. ఆ మార్పు అలాగే ఉంచండి, 5వ భాగంలో సేఫ్‌కాపీతో ఇలాంటి మార్పు వచ్చినా పాత డేటా సరిగ్గా చదివేలా చేద్దాం.