కడప, అనంతపురం నుంచి మంచు ఊళ్ళకు: జనవరి చలికి సిద్ధం కావడం

జనవరి సెమిస్టర్‌కి చికాగో, బఫలో, టొరంటో, విన్నిపెగ్ వైపు వెళ్ళే పిల్లలకు సీమలో ఇళ్ళన్నీ కలిసి పెట్టెలు సర్దుతాయి. పచ్చళ్ళకు, పొడులకు చూపే శ్రద్ధ చలిబట్టల దగ్గరికి వచ్చేసరికి రెండు లావుపాటి స్వెటర్లతో ఆగిపోతుంది. విన్నిపెగ్‌లో జనవరి తెల్లవారుజామున మైనస్ 20 మామూలే. ఆ చలిలో మనిషిని కాపాడేది బట్ట లావు కంటే ఎక్కువగా దాని పొడితనం, గాలిని ఆపే గుణం.

ఒంటికి ఆనుకునే పొర పాలిస్టర్ థర్మల్ గానీ మెరినో ఉన్ని థర్మల్ గానీ కావాలి. నూలు బనీను వద్దు. అది చెమటను పీల్చుకుని వదలదు. బస్‌స్టాపులో నిలబడగానే ఆ తడి చల్లబడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, మన గొర్రెల కాపరులు వానలో కూడా కంబళి వదలనిది అందుకే. దానిపైన ఫ్లీస్ (మెత్తటి నూగు ఉండే పాలిస్టర్ బట్ట) లేదా ఉన్ని స్వెటర్. అన్నిటికంటే పైన గాలి, నీరు చొరబడని, తొడల దాకా దిగే, టోపీ ఉన్న జాకెట్. నడుస్తుంటే ఒళ్ళు ఉక్కపోసినట్టు అనిపిస్తే వెంటనే జిప్పు దించండి. ఆ చెమటే పది నిమిషాల తర్వాత వణికిస్తుంది.

జాకెట్‌ను విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోండి. పెట్టె రావడం ఆలస్యమైనా ఒంటిమీదికి ఏదో ఒకటి ఉంటుంది. థర్మల్స్, మంకీ క్యాప్ ఇక్కడ కొనొచ్చు. మంచు బూట్లు మాత్రం అక్కడే, లావు సాక్సులు వేసుకుని చూసి, వేళ్ళు లోపల కదిలేంత వదులుగా కొనాలి. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు వేస్తే రక్తం ఆడక వేళ్ళు ముందుగా మొద్దుబారతాయి. చేతులకు వేళ్ళన్నీ కలిసి ఉండే తొడుగులు గ్లౌజులకన్నా వెచ్చన.

బయటికి వెళ్ళేముందు ఫోనులో ఉష్ణోగ్రత పక్కనుండే 'ఫీల్స్ లైక్' అంకె చూడండి, గాలి లెక్క అందులో ఉంటుంది. అది మైనస్ 28 సెల్సియస్ కన్నా దిగితే కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. అమెరికాలో అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి: అక్కడి 10 అంటే మన మైనస్ 12. చర్మం గడ్డకడితే మన రంగుకు ఎరుపు సరిగా కనబడదు. బూడిదరంగుకు తిరిగి, మైనంలా గట్టిపడి, స్పర్శ పోతుంది. రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు, కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. ఆ వేడిని వేరేవాళ్ళు చేయిపెట్టి చూడాలి. బొబ్బలు లేస్తే, స్పర్శ తిరిగి రాకపోతే ఆస్పత్రికి.

నేలమీద కంటికి కనబడని పలుచటి ఐసు ఉంటుంది. వానకు తడిసిన నల్లరేగడి గట్టుమీద నడిచినట్టు, పాదం మొత్తం ఆన్చి పొట్టి అడుగులు వేయండి. చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు.

వాకిట మంచు తీయడం తేలికపని కాదు. 10 చదరపు మీటర్లలో 10 సెంటీమీటర్ల మేర పడిన కొత్త మంచు 100 కిలోల దాకా తూగుతుంది, తడిమంచైతే రెండింతలు పైనే. పారతో తోయండి; ఎత్తక తప్పకపోతే సగం పారే ఎత్తండి, నడుము మెలితిప్పి వెనక్కి విసరకండి. చలికి రక్తనాళాలు బిగుసుకున్నప్పుడు బరువు ఎత్తితే గుండెపోటు రావొచ్చు. పిల్లల్ని చూడ్డానికి వెళ్ళిన తల్లిదండ్రులు, ముఖ్యంగా బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు, పార ముట్టుకోకూడదు. మైనస్ 9 కన్నా చలి పెరిగితే ఐసు కరగడానికి చల్లే మామూలు రాతి ఉప్పు సరిగా పనిచేయదు, కాల్షియం క్లోరైడ్ చల్లాలి.

కారు విషయంలో ఏమరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. 2022 డిసెంబర్‌లో బఫలో మంచుతుఫానులో చనిపోయినవాళ్ళలో కార్లలో ఇరుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఇరుక్కుంటే కారు దిగి నడవకండి. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసి, గంటకు 10 నిమిషాలే ఇంజిన్ నడపండి, అద్దం సన్నగా దించండి. గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. డిక్కీలో దుప్పటి, చిన్న పార, టార్చి, వేరుశనగ చిక్కీ పెట్టుకోండి. అద్దాలు కడిగే ట్యాంకులో నీళ్ళు పోస్తే గడ్డకట్టి ట్యాంకు పగులుతుంది, మైనస్ 40 రకం ద్రవమే వాడండి. అద్దంమీది ఐసుకు వేడినీళ్ళు పోయొద్దు, పగుళ్ళు వస్తాయి.

ఊరెళ్ళినా ఇంట్లో హీటర్ 13 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి తగ్గించకండి, కొళాయి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. మరీ చలి రాత్రుల్లో కొళాయిని సన్నగా కారనివ్వండి, సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచండి. వెచ్చదనానికి గదిలో కుంపటి, గ్యాస్ స్టవ్ వెలిగించడం అస్సలు వద్దు.

పెరుగు తోడుకోలేదని బెంగపడకండి. గోరువెచ్చని పాలలో తోడు వేసి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి 8 గంటలు ఉంచితే గట్టిగా తోడుకుంటుంది. దోసెపిండీ అలాగే పొంగుతుంది. గదిలో నలుగురు ఉంటే ఓవెన్ తలుపుమీద కాగితం అంటించండి, తెలియక ఎవరైనా వెలిగిస్తారు.