పార్కిన్సన్స్‌లో మనసు సంగతి: డాక్టరుకు ఏం చెప్పాలి, ఇంట్లో ఏం చేయాలి

పార్కిన్సన్స్ అనగానే అందరూ మన చేతులే చూస్తారు. వణుకు తగ్గిందా, నడక ఎట్లా ఉంది అని అడుగుతారు. మనసు ఎట్లా ఉందని అడిగేవాళ్లు తక్కువ. నేను కావలి డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను, ఈ జబ్బుతో బతుకుతున్నాను. వణుకు కన్నా దిగులూ భయమే నన్ను ఎక్కువ కుంగదీశాయి. అందుకే నాలాంటి వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ దిగులు మీ పిరికితనం కాదు, జబ్బులో భాగం. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్లే ఒళ్లు బిగుసుకుంటుంది. డోపమైన్‌తో పాటు, మనసును నిలబెట్టే సెరటోనిన్ లాంటివి కూడా ఈ జబ్బులో దెబ్బతింటాయి. కొందరికి వణుకు కనపడడానికి కొన్నేళ్ల ముందే డిప్రెషన్ మొదలవుతుంది. జబ్బున్న వాళ్లలో సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడతారు. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. కానీ నోరు తెరిచి చెప్తేనే వైద్యం అందుతుంది.

చెప్పడానికి ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. బస్సులో స్టేజీ స్టేజీకి మేం ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) రాసినట్టు, గంట, మాత్ర, ఒళ్లు, మనసు అని నాలుగు గడులు గీసి రాయండి. చెయ్యి సహకరించకపోతే ఇంట్లోవాళ్ల చేత రాయించండి. “11.30: గుండె దడ, చెమట, ఒంటరిగా ఉండలేను. 12.00: మాత్ర. 12.45: మామూలు.” ఇంతే చాలు. వారం రోజులు రాస్తే అసలు సంగతి బయటపడుతుంది. మాత్ర వేళ దగ్గరపడే కొద్దీ భయం పెరిగి, మాత్ర పనిచేయగానే పోతుంటే, లెవోడోపా ప్రభావం అయిపోతున్నప్పుడు వచ్చే ఆందోళన కావచ్చు. సిండోపా పేరుతో మనలో చాలామంది వాడేది ఆ మందే. అప్పుడు డాక్టరు మాత్రల వేళలో, మోతాదులో మార్పు చేస్తారు. సొంతంగా ఒకటి ఎక్కువ వేసుకోవద్దు. అట్లా కాకుండా మాత్ర వేసినా వేయకపోయినా రోజంతా ఒకటే దిగులుంటే, దానికి విడిగా వైద్యం కావాలి.

తిండి వేళ కూడా రాయండి. పప్పు, గుడ్డు, చేపల్లో ఉండే ప్రోటీన్ లెవోడోపాకు అడ్డుపడుతుంది. నెల్లూరు జిల్లాలో పుట్టి చేపల పులుసు మానుకోమని నేను చెప్పను. మాత్ర అన్నానికి అరగంట ముందు పడితే చాలామందికి ఇబ్బంది ఉండదు.

నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోటకు పోయినా, ఒంగోలు పోయినా, మన వంతు వచ్చాక దొరికేది కొన్ని నిమిషాలే. ఆ టెన్షన్‌లో మనకు గొంతే పెగలదు. కాబట్టి చీటీ రాసుకుపోయి చేతికివ్వండి. నిద్ర ఎట్లా ఉంది, నిద్రలో కేకలు వేస్తున్నారా, ఇష్టమైన పనుల మీద మనసు పోతోందా, భయం ఏ వేళ వస్తోంది, చావు ఆలోచనలు వస్తున్నాయా అన్నవి అందులో ఉండాలి. సైకియాట్రిస్టు దగ్గరకు పంపమని మీరే అడగండి. పిచ్చి డాక్టరని జంకొద్దు. పార్కిన్సన్స్‌కు రసాజిలిన్, సెలెజిలిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ఆయనకు తప్పకుండా చెప్పాలి, కొన్ని డిప్రెషన్ మందులతో అవి పడవు. డిప్రెషన్ మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, రెండు రోజులకే మానేయొద్దు. వాంతులకు ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ వేయించుకునేటప్పుడు కూడా జబ్బు పేరు చెప్పండి. వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ మన జబ్బు లక్షణాలను పెంచుతుంది.

చెప్పడానికి సిగ్గుపడేవి కొన్ని ఉన్నాయి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి పార్కిన్సన్స్ మందులు కొందరిలో ఆపుకోలేని యావ పుట్టిస్తాయి: ఫోన్లో రమ్మీ, అవసరం లేని కొనుగోళ్లు, కామం. అది మనిషి గుణం చెడిపోవడం కాదు. డబ్బు వ్యవహారం కొడుక్కో కూతురికో అప్పగించి, వెంటనే డాక్టరును కలవండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. గది మూల పిల్లలు కూర్చున్నట్టు, గోడమీద పురుగులు పాకినట్టు కనపడినా దాచొద్దు. గాలి సోకిందని తాయెత్తులకు తిరుగుతూ కూర్చుంటే కాలం పోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, ఒంట్లో నీళ్లు తగ్గాయేమో చూపించాలి. రోహిణి కార్తె ఎండల్లో ఇది మరీ జాగ్రత్త.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఈ జబ్బులో ముఖం కండరాలు బిగుసుకుపోతాయి. లోపల సంతోషంగా ఉన్నా ముఖంలో కనపడదు. మా మనవరాలు “తాతకు నా మీద కోపమా?” అని వాళ్ల అమ్మను అడిగిందట. అది విని నా ప్రాణం ఎంత ఉసూరుమందో చెప్పలేను. ముఖం చూసి లెక్క కట్టకండి, నోటితో అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. మా మాట మీరు పూర్తి చేయకండి. “ధైర్యంగా ఉండు” అనడం కన్నా “ఇప్పుడు ఏ మాత్ర వేళ?” అని అడగడం మేలు.

బయటికి పోవడం మానొద్దు. టీ అంగట్లో ముందే చెప్పేయండి: “అబ్బయా, నాకు పార్కిన్సన్స్, చెయ్యి వణుకుద్ది. సగం గ్లాసే పొయ్యి.” ఒకసారి చెప్తే చూసేవాళ్ల చూపులు అంతగా బాధించవు. మాత్ర బాగా పనిచేసే వేళ చూసుకుని రోజూ నడవండి, నడక దిగులుకు కూడా మందే. గొంతు సన్నబడితే పదిమందిలో మాట్లాడబుద్ధి కాదు. నేను రోజూ పొద్దున కావలి, మద్దూరుపాడు, రాజుపాలెం, కోవూరు, నెల్లూరు అని స్టేజీల పేర్లు గొంతెత్తి పిలుస్తాను. మీకు పద్యం వస్తే పద్యం పాడండి. వీలైతే స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

ఇక బతకడం ఎందుకని అనిపిస్తే ఒంటరిగా ఉండొద్దు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్, నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మనవి సేద్యం ఇళ్లు, పురుగుమందు డబ్బా వసారాలోనే ఉంటుంది. దాన్ని ఇంట్లో నుంచి తీసేయించండి.

డబ్బు దిగులు కూడా దిగులే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ ఉంది. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌కు మీ ఊరి సచివాలయంలో అడగండి.

చూసుకునే మనిషిని మరిచిపోవద్దు. మా ఇంటామె శుక్రవారం సాయంత్రం గుడికి పోతుంది, ఆ కాసేపు మా తమ్ముడు వచ్చి నా దగ్గర కూర్చుంటాడు. మీ ఇంట్లోనూ అట్లా వంతు వేసుకోండి. రాత్రిళ్లు ఆమెకు నిద్ర లేకపోతే, చీటికీ మాటికీ ఏడుపొస్తుంటే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిందే. 14416కు ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు.