ముగ్గురి బ్యాండ్‌లో ఒక్కరే మిగిలితే ఆల్బమ్ ఎలా చేయాలి

మా బ్యాండ్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. డ్రమ్స్ వాయించేవాడు కువైట్ వెళ్లాడు. బేస్ గిటార్ వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర మా పెంకుటింట్లో నేనూ, నా గిటారూ, సగంలో ఆగిన పదకొండు పాటలూ మిగిలాం. గొడవేమీ జరగలేదు. అయినా ఆరు నెలలు మేం వాయించుకునే గది తలుపు తీయబుద్ధి కాలేదు. తీశాక ఏడాదికి ఎనిమిది పాటల ఆల్బమ్ పూర్తయింది. మీరూ ఇలాగే మిగిలిపోయి ఉంటే, నేను చేసిన పద్ధతి చెబుతాను.

మైకు కొనేకంటే ముందు వెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేయండి. బ్యాండ్ పేరు వాడుకోవచ్చా, కలిసి కట్టిన పాటల్లో ఏవి తీసుకోవచ్చు, పాత రిహార్సల్ రికార్డింగుల్లో వాళ్లు వాయించిన ముక్కలు పెట్టుకోవచ్చా అని అడగండి. ఒప్పుకున్నవి వాట్సాప్‌లో రాసి పంపమనండి. స్నేహితుల మధ్య ఇదంతా ఎందుకని నాకూ అనిపించింది. కానీ బేస్ వాడు రెండు పాటలు తనకే ఉంచమన్నాడు. ముందే తెలిసింది కాబట్టి వాటి మీద నెలల తరబడి కష్టపడి తర్వాత బాధపడే పని తప్పింది.

ధైర్యం కావాలంటే ఒక ఆల్బమ్ వినండి. లయర్స్ అనే ప్రయోగాత్మక రాక్ బ్యాండ్‌లో చివరికి ఆంగస్ ఆండ్రూ ఒక్కడే మిగిలాడు. 2017లో అదే బ్యాండ్ పేరుతో ‘టీఎఫ్‌సీఎఫ్’ ఆల్బమ్ తెచ్చాడు. అట్ట మీద పెళ్లి గౌను వేసుకుని ఒంటరిగా కనిపిస్తాడు. వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఉన్నట్టు నటించడు. ఎక్కువగా అకౌస్టిక్ గిటారూ, శాంపిల్ ముక్కలూ (ముందే రికార్డ్ చేసి కత్తిరించిన చప్పుళ్లు), తన గొంతూ వినిపిస్తాయి.

నేను మాత్రం మొదట్లో నటించాను. కంప్యూటర్‌లో డ్రమ్స్ పెట్టి, మా వాడు కొట్టినట్టే రావాలని మూడు వారాలు కూర్చున్నాను. వాడు స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా పలికే చిన్న డ్రమ్ము) కాస్త ఆలస్యంగా కొడతాడు. ఆ ఆలస్యం ఎంత జరిపినా రాలేదు. అందుకే చెబుతున్నా, పోయినవాళ్ల వాయింపును అనుకరించకండి. ఆ చోటికి మీ ఊరి చప్పుడు తెచ్చుకోండి.

నేను రేవుకెళ్లాను. వశిష్ఠ గోదావరి మీద నరసాపురం వెళ్లే పంటు (జనాన్నీ బళ్లనీ నది దాటించే పడవ) ఇంజను చప్పుడు ఫోన్‌లో పట్టాను. నది గాలి మైకులో బుసబుసలాడుతుంది కాబట్టి ఫోన్‌కి పల్చటి స్పాంజి చుట్టండి, గాలికి వీపు పెట్టి నిలబడండి. తర్వాత 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి వేగం తెలుస్తుంది. నాకు 27 వచ్చాయి, అంటే 108. ఇంజను వేగం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. సరిచేయకండి. ఎనిమిది సెకన్ల ముక్క కత్తిరించి తిప్పుకుంటూ, గిటారునే దాని వెంట నడపండి. స్నేర్ బదులు కొబ్బరి పీచు చీలే చప్పుడు వాడాను. ఒలుపు కార్మికులను అడిగి, వాళ్ల పనికి అడ్డం రాకుండా మైకు బారెడు దూరంలో పెట్టాను.

ఇక చెరువులు. రాత్రయితే నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటాం కానీ, మా వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరిగేది ఎక్కువగా రాత్రే, నీటిలో ఆక్సిజన్ తగ్గేది అప్పుడే కాబట్టి. అందుకే పాడే పని మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టుకున్నాను. కానీ ఆ రాత్రి రొదను వదల్లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటార్ల గుర్రు అందుకు రెట్టింపు, 100 దగ్గర బాగా వినిపిస్తుంది. గిటారు లావు తీగ మీద మూడో ఫ్రెట్ స్వరం 98 హెర్ట్జ్. గిటారు మొత్తాన్ని 35 సెంట్లు (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య తేడాలో నూరో వంతు ఒక సెంటు) పైకి శ్రుతి చేస్తే రెండూ కలుస్తాయి. ఆల్బమ్‌లో అన్నిటికన్నా పొడవైన పాట అలా పుట్టింది. తంబూరా ముందు కూర్చున్నట్టు ఆ చెరువు గట్టు మీద కూర్చున్నాను.

గదికి ఖరీదైన ఫోమ్ అక్కర్లేదు. గోడలకు బొంతలు కట్టి, మూలల్లో ధాన్యం బస్తాలు పేర్చండి. 24 బిట్‌లో రికార్డ్ చేయండి. గొంతు ఎంత పెంచినా రికార్డింగ్ మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు. సముద్రం గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి. ఫైళ్లు రెండు చోట్ల దాచండి.

అన్నిటికన్నా కష్టం, ‘ఇక చాలురా’ అనేవాళ్లు పక్కన లేకపోవడం. ఒక్క పాట గొంతే నలభై సార్లు పాడాను. అప్పుడు గడువు పెట్టుకున్నాను. వేసవిలో కాలువలు కట్టేసిన రోజు మిక్సింగ్ మొదలు, మళ్లీ నీళ్లు వదిలిన రోజు ఆఖరు. కాలువలో నీళ్లొచ్చేసరికి రెండు పాటలు నాకింకా తృప్తిగా లేవు. అలాగే ఉంచేశాను, ఇప్పుడు వింటే అవే నాకు ఇష్టం.

ఎవరికీ వినిపించకముందే వెళ్లిపోయినవాళ్లకు పంపండి. శుక్రవారం సెలవని చూసి మా డ్రమ్మర్‌కు పంపాను. గంట తర్వాత ఫోన్ చేశాడు. “ఒరేయ్, మూడో పాటలో ఉన్నది మన రేవు పంటేనా?” అన్నాడు. అవునన్నాను. “ఆగు, మళ్లీ వింటా” అని పెట్టేశాడు.