రంగురాళ్ల పరీక్ష – 4వ పాఠం: అలెగ్జాండ్రైట్‌ను రెండు వెలుగుల్లో చూడటం, నీళ్లలో తూచడం

అలెగ్జాండ్రైట్ వైడూర్యం కుటుంబపు రాయి, అంటే క్రిసోబెరిల్. 1830లలో రష్యాలోని ఉరల్ కొండల్లో బయటపడింది. మన దగ్గర నర్సీపట్నం వైపు, గొలుగొండ మండలం కరక కొండల్లోనూ దొరికింది. ఇందులో కొద్దిపాటి క్రోమియం ఉంటుంది. అది వెలుగులోని పసుపు భాగాన్ని మింగేసి ఆకుపచ్చను, ఎరుపును దాటనిస్తుంది. పగటి వెలుగులో ఆకుపచ్చది పైచేయి, ఫిలమెంట్ బల్బు కింద ఎరుపుది.

రాయిని తెల్ల కాగితం మీద పెట్టి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చూడండి. తర్వాత కిటికీలు మూసి చీకటి చేసి, పాత ఫిలమెంట్ బల్బు గానీ కొవ్వొత్తి గానీ వెలిగించి చూడండి. కిటికీ తెరిచే ఉంచి బల్బు వేస్తే రెండు వెలుగులూ కలిసిపోయి మార్పు సగమే కనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు వాడకండి. పసుపుగా వెలిగే రకంలో కూడా ముదురు ఎరుపు తక్కువ కాబట్టి మంచి రాయి కూడా మసకగా మారుతుంది, దాంతో దాన్ని తీసిపారేసే ప్రమాదం ఉంది.

రెండుసార్లూ రాయిని ఒకే వైపు నుంచి చూడాలి. ఎందుకంటే అలెగ్జాండ్రైట్ ఒకే వెలుగులో తిప్పినా దిక్కును బట్టి ఆకుపచ్చగా, నారింజగా, ఊదా ఎరుపుగా కనిపిస్తుంది. దాన్ని వెలుగు వల్ల వచ్చిన మార్పు అనుకుంటే లెక్క తప్పుతుంది. అయితే ఇదే గుణం మనకు పనికొస్తుంది కూడా. రంగు మారే గార్నెట్, స్పినెల్ ఎటు తిప్పినా ఒకే రంగు చూపిస్తాయి.

అలెగ్జాండ్రైట్ పేరుతో చవగ్గా అమ్మేవాటిలో ఎక్కువ భాగం వెనేడియం కలిపి ఫ్యాక్టరీలో చేసిన కురువిందం (కెంపు, నీలం జాతి రాయి). పగలు బూడిద కలిసిన నీలం, బల్బు కింద గులాబీ ఊదా. దానిలో ఆకుపచ్చ అసలే ఉండదు. రంగు మారింది కదా అని సంబరపడి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఇక తూకం. నగలో బిగించని రాయికే ఇది కుదురుతుంది. 0.01 క్యారెట్ వరకు చూపే తూకం మిషన్ కావాలి. ముందు రాయిని మామూలుగా తూచి రాసుకోండి. తర్వాత మిషన్ పళ్లెంలో చిన్న ప్లాస్టిక్ కప్పుతో నీళ్లు పెట్టి, సన్నని తీగతో చేసిన చిన్న బుట్టను విడిగా ఒక స్టాండుకు వేలాడదీసి నీళ్లలో ముంచండి. బుట్ట కప్పు అడుగుకు, గోడలకు తగలకూడదు. మిషన్‌ను సున్నా చేసి, పట్టకారుతో రాయిని బుట్టలో పెట్టండి. వచ్చే అంకెతో మొదటి బరువును భాగిస్తే సాంద్రత, అంటే రాయి నీళ్లకు ఎన్ని రెట్లు బరువో, తెలుస్తుంది.

4.00 క్యారెట్ల రాయికి 1.07 వస్తే సాంద్రత 3.74, అలెగ్జాండ్రైట్ పరిధిలోనే ఉంది. అదే బరువు కురువిందానికి 1.00, ఫ్యాక్టరీ స్పినెల్‌కు 1.10 వస్తుంది. గార్నెట్ కొన్నిసార్లు అలెగ్జాండ్రైట్ దగ్గరికే వస్తుంది, అందుకే ముందు తిప్పి చూడమన్నది.

రాయికి అంటుకున్న గాలిబుడగ అంకెను పెంచేస్తుంది. అందుకే నీళ్లలో చుక్క డిటర్జెంట్ వేసి, రాయిని ముందే తడపండి. రాయి బుట్టలోంచి జారి కప్పు అడుగున కూర్చుంటే దాని పూర్తి బరువే కనిపిస్తుంది. ఇక చిన్న రాళ్ల సంగతి: అర క్యారెట్ రాయికి 0.13 వస్తే 3.85, 0.14 వస్తే 3.57. ఒక్క అంకె తేడాకే జాతి మారిపోయింది. 2 క్యారెట్లకు తగ్గిన రాయిని తూకంతో తేల్చకండి.

ల్యాబులో పెంచిన అలెగ్జాండ్రైట్ ఈ రెండు పరీక్షలూ నెగ్గుతుంది, ఎందుకంటే అది అదే పదార్థం. దాన్ని పట్టించేది లోపలి గుర్తులే. 5వ పాఠానికి పది రెట్లు పెంచే లెన్స్, టార్చి సిద్ధం చేసుకోండి.