రెండు భాషల్లో రీసెర్చ్ పేపర్ ప్రచురించేవాళ్లు ముందు జర్నల్ ఎడిటర్‌ని అడగండి

విదేశంలో పరిశోధన చేస్తూ ఒకే పనిని ఇంగ్లీషులోనూ సొంత భాషలోనూ ప్రచురించాలనుకుంటే తప్పకుండా చేయండి, మీ వాళ్లకు అది అందడం చాలా ముఖ్యం. కానీ భాష మారింది కదా, కొత్త పేపరే అనుకుని చెప్పకుండా పంపకండి, డూప్లికేట్ ప్రచురణ కింద లెక్కేస్తారు. వైద్య జర్నళ్లు పాటించే ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం రెండో భాషలో వేసుకోవచ్చు, కాకపోతే రెండు జర్నళ్ల ఎడిటర్లూ ఒప్పుకోవాలి, డేటా, నిర్ధారణలు మొదటి దాంట్లో ఉన్నట్టే ఉండాలి, ఇది ముందే ఫలానా చోట వచ్చిందని పాఠకులకు స్పష్టంగా చెప్పాలి. మిగతా రంగాల్లో జర్నల్‌ని బట్టి మారుతుంది, ఒక ఈమెయిల్ పెట్టి అడిగేస్తే టెన్షన్ ఉండదు. కాపీరైట్ ప్రచురణకర్తకు రాసిచ్చేసి ఉంటే అనువాదానికి కూడా వాళ్ల అనుమతి కావాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇంకోటి, వాక్యానికి వాక్యం అనువదించకండి. పేరా చదివి, పక్కన పెట్టి, అదే విషయాన్ని రెండో భాషలో ఒక స్టూడెంట్‌కి చెబుతున్నట్టు రాయండి. పరిభాషకు మాత్రం మొదటి రోజు నుంచే రెండు కాలమ్‌ల ఫైల్ పెట్టుకోండి, నేను ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల ఒకే పదానికి మూడు చోట్ల మూడు మాటలు పడ్డాయి, సరిచేయడానికి వారం పట్టింది.