మన కాలనీలో అకౌస్టిక్ గిటార్ కచేరీ ఎలా పెట్టాలి?

కరెంటు లేకుండా మోగే అకౌస్టిక్ గిటార్‌ది చిన్న గొంతు. అది చివరి వరస దాకా వినపడాలంటే ముందుగా ప్రశాంతమైన గది చూసుకోవాలి. అరవై డెబ్బై మంది పట్టే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసో, కాలనీ కమ్యూనిటీ హాలో చాలు. ఫ్యాన్లన్నీ వేసి, ఎవరినైనా మెల్లగా వాయించమని, మీరు వెనక కూర్చుని వినండి. ఫ్యాన్ల మోత, బయటి హారన్లు గిటార్‌ని మింగేస్తుంటే వేరే హాలు వెతకండి.

వాయించేవాళ్లు ఐదారుగురు చాలు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు ఇస్తే మధ్యలో మార్పులతో కలిపి రెండు గంటల్లో అయిపోతుంది. వీధి చివర గిటార్ క్లాసులు చెప్పే మాస్టారిని అడిగితే సగం పేర్లు ఆయనే చెబుతారు. తొలిసారి స్టేజీ ఎక్కే పిల్లల్ని మాత్రం మొట్టమొదట కూర్చోబెట్టకండి, ఆ టెన్షన్ వాళ్లకెందుకు? అనుభవం ఉన్నవాళ్లు హాలుని కుదురుగా కూర్చోబెట్టాక, రెండో వంతు వాళ్లకివ్వండి. తీగలు మార్చేవాళ్లు రెండు మూడు రోజుల ముందే మార్చుకోవాలి. కొత్త తీగలు సాగి శ్రుతి తప్పుతుంటాయి.

ఇక సౌండ్. అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. గిటార్‌కి పికప్ (తీగల మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చే పరికరం) ఉంటే, ఆ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ ద్వారా మిక్సర్‌కి కలపండి. చాలా పికప్‌లకు 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఆ రోజు కొత్తది వేయించండి. పికప్ లేకపోతే 12వ ఫ్రెట్‌కి (గిటార్ మెడ మీది అడ్డ పట్టీల్లో పన్నెండోదానికి) ఎదురుగా జానెడు దూరంలో మైక్ పెట్టాలి. సరిగ్గా సౌండ్ హోల్ (గిటార్ ఒంటి మీది గుండ్రటి రంధ్రం) ముందు పెడితే బొంయ్‌మనే మోత తప్ప తీగల స్పష్టత రాదు. సౌండ్ సిస్టమ్ తెచ్చే అతనికి పెళ్లిళ్లు, జాతరలు అలవాటు. బేస్ తగ్గించమని, ఎకో తీసేయమని ముందే చెప్పండి. సౌండ్ చెక్‌ని కచేరీలో చివరగా వాయించేవారితో మొదలుపెట్టి వెనక్కి రండి. అలా చేస్తే మొదటివారి మైకులు, సెట్టింగులు కదపకుండా కచేరీ మొదలవుతుంది.

స్టేజీ మీద చేతుల్లేని కుర్చీ వేయండి. ప్లాస్టిక్ కుర్చీ చేతులు గిటార్‌కి అడ్డం పడి మోచేయి ఆడదు. పెద్ద పెద్ద ఏర్పాట్లు చేసినవాళ్లు కూడా ఈ చిన్న విషయం మర్చిపోతారు.

అనుమతుల మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడకానికి రాతపూర్వక అనుమతి కావాలి. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైక్ పెట్టకూడదు. అందుకే టెర్రస్ మీద పెడితే సాయంత్రం ఆరున్నరకే మొదలుపెట్టండి. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా సినిమా పాటలు వాయిస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టికెట్ పెడితే ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్స్ సంగతి ముందే కనుక్కోండి.

తలుపు దగ్గర ఒకరిని నిలబెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్లని పాట అయ్యాకే లోపలికి పంపాలి, సెక్రటరీ గారైనా సరే.